తలతో నొక్కే పలక

మా బోధనాసుపత్రి క్యాజువాలిటీలో రెండు ల్యారింగోస్కోపులున్నాయి, గొంతులోకి వెలుగు వేసి శ్వాసగొట్టం దించడానికి వాడేవి. ఒకదానికి బల్బు లేదు, రెండోదానికి బ్యాటరీలు లేవు. అవసరం వచ్చినప్పుడు దీని బ్యాటరీలు తీసి దానికి వేసి పని కానిచ్చే నేర్పు మా పీజీ డాక్టర్లకు ఉంది కాబట్టి ఇది ఫిర్యాదు కాదు. వాళ్లకు లేనిదల్లా ఆశావాదం ఒక్కటేనని పైవాళ్లు కనిపెట్టారు. కనిపెట్టి వారం తిరక్కుండానే నన్ను 'ఆనంద నోడల్ అధికారి'గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఇప్పటికే నేను ఆసుపత్రి వ్యర్థాలకూ, ర్యాగింగ్ నిరోధానికీ, మంటలార్పే సిలిండర్లకూ నోడల్ అధికారిని. ఆనందం నాలుగోది. ఉత్తర్వులో నా ఇంటిపేరు తప్పు పడింది. ఇదివరకైతే సరిచేయమని అర్జీ పెట్టుకునేవాణ్ణి. పదవి స్వభావాన్ని బట్టి, ఆ ఇంటిపేరు గలవాళ్లు కూడా మంచివాళ్లే అయివుంటారని సరిపెట్టుకున్నాను.

పదవి వచ్చాక చదవక తప్పదు కదా, చదివాను. సానుకూల మనస్తత్వశాస్త్రం అనే ఈ విద్యకు 1998ని పుట్టిన సంవత్సరంగా చెబుతారు. ఆ ఏడు అమెరికా మనస్తత్వవేత్తల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న మార్టిన్ సెలిగ్‌మన్, ఎంతసేపూ మనిషికి ఏ రోగముందో వెతకడమేనా, మనిషిని వర్ధిల్లజేసేవి ఏమిటో కూడా చూద్దామన్నాడు. మాటలో తప్పేమీ లేదు. 2011 నాటికి ఆయనే వర్ధిల్లడానికి అయిదు దినుసులు కావాలని తేల్చాడు: సంతోషం, నిమగ్నత, సంబంధాలు, సార్థకత, సాఫల్యం. ఇంగ్లీషులో వీటి మొదటి అక్షరాలు కలిపితే 'పర్మా' అని చక్కటి మాట వస్తుంది. మన పిల్లలకు తెలుగులో గుర్తుండాలని నేను కలిపితే 'సనిసంసాసా' అని వచ్చింది. సంగీతం వచ్చిన మా మత్తు డాక్టరుగారు ఇది ఏ రాగంలోనూ ఇమడదన్నారు. సంగీతం రాని హెడ్ సిస్టరుగారు మొదటి రెండక్షరాలు వినగానే "ఏలినాటిదేనా సార్?" అని అడిగారు. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, పీజీ మూడేళ్లు, కలిపి ఎనిమిదిన్నర. శని ఏడున్నరకే వదిలేస్తాడు.

ఈ అయిదింటిలో 'సంబంధాలు' మా దగ్గర సమృద్ధిగా ఉన్నాయి. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారతీయ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మా మెడికల్ వార్డులో రాత్రిపూట నలభై ఆరు మంచాలకూ, మంచాల మధ్య పరిచిన పది చాపలకూ కలిపి ఇద్దరు సిస్టర్లు. అంటే మనిషికి ఇరవై ఎనిమిది సంబంధాలు. ఇన్ని సంబంధాలు ఏ అమెరికా ఆసుపత్రిలోనూ సాధ్యపడవు.

మన పెద్దలు మనిషి లోపల ఆరుగురు శత్రువులను లెక్కపెట్టి ఊరుకున్నారు. సెలిగ్‌మన్, క్రిస్టఫర్ పీటర్సన్ కలిసి 2004లో ఆరు సుగుణాలను, వాటి కింద 24 బలాలను లెక్కపెట్టి ఖాతా సరిచేశారు. ఎవరి బలమేదో తెలుసుకుని దానిని రోజువారీ పనిలో వాడుకోవాలన్నది సూత్రం. ప్రశ్నావళి ఇచ్చి నింపించాను. మా హౌస్ సర్జన్లలో చాలామందికి పట్టుదల, హాస్యం పైన ఉన్నాయి. ఉత్సాహం అందరికీ అట్టడుగున ఉంది. ఒక అమ్మాయికి మాత్రం క్షమాగుణం మొదటి స్థానంలో వచ్చింది. ఈ సంగతి డ్యూటీలు వేసేవారి చెవిన పడింది. ఆ అమ్మాయికి వరసగా నాలుగు ఆదివారాలు క్యాజువాలిటీ పడింది. బలం ఉన్నచోటే బరువు పెట్టడం కదా శాస్త్రం!

కార్యక్రమానికి గుండెకాయ లాంటిది 'మూడు మంచి సంగతులు'. రోజూ రాత్రి పడుకునే ముందు, ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో రాయాలి. మాకు చిక్కు 'పడుకునే ముందు' అన్న మాట దగ్గరే వచ్చింది. సోమవారం పొద్దున వచ్చిన పీజీ మంగళవారం సాయంత్రం పడుకుంటే ఆ మూడూ ఏ తేదీ కింద వేయాలి? స్పష్టత కోరుతూ పైకి రాశాను. రెండు రోజులకూ విడివిడిగా మొత్తం ఆరు రాయించవలెనని జవాబు వచ్చింది.

ఇందుకోసం డైరీలు అచ్చువేయించారు. నున్నటి కాగితం, ప్రతి పేజీ అడుగునా పొద్దుతిరుగుడు పువ్వు. ఆ నునుపుకు బాల్‌పెన్ను జారిపోతుంది గాని, మా ఆసుపత్రిలో అన్ని రాత్రులూ నిల్వ ఉండే కాగితం అదొక్కటే. కేస్ షీట్లు అయిపోయిన ఒక రాత్రి రక్తం కోసం అర్జీ ఆ కాగితం మీదే బ్లడ్ బ్యాంకుకు వెళ్లింది. 'ఈరోజు నాకు జరిగిన మంచి' అని అచ్చయిన శీర్షిక కింద 'ఓ పాజిటివ్, రెండు యూనిట్లు' అని రాసివుంది. ఇంత సానుకూలంగా అడిగినవాళ్లు ఇంతవరకు లేరని అక్కడి టెక్నీషియన్ మెచ్చుకున్నాడట.

నెలాఖరున డైరీలు దిద్దడం నా విధి. ఎక్కువభాగం 'లిఫ్టు పనిచేసింది', 'క్యాంటీన్‌లో ఇడ్లీ మిగిలింది' లాంటివి. ఒకచోట మాత్రం ఆగిపోయాను. "తెల్లవారుజామున నాలుగింటికి పాముకాటుతో వచ్చిన కుర్రాడికి వెంటిలేటర్ దొరికింది" అని రాసివుంది. దాని పక్కన 'ఎందుకు జరిగింది' అన్న గడిలో, "దాని మీద ఉన్నాయన మూడున్నరకు పోయాడు." ఇది మంచి సంగతుల కింద వస్తుందా రాదా అని చాలాసేపు కూర్చున్నాను. మార్గదర్శకాల్లో లేదు. చివరికి టిక్కు పెట్టాను.

ఇక లెక్కల సంగతి. ఏ శాస్త్రానికైనా దశాంశ స్థానాలు పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. 2005లో బార్బరా ఫ్రెడ్రిక్సన్, మార్సియల్ లొసాడా అనే ఇద్దరు ఒక పత్రం రాశారు. మనిషి వర్ధిల్లాలంటే ఒక్కో ప్రతికూల భావానికి కనీసం 2.9013 సానుకూల భావాలుండాలన్నారు. పైన కూడా హద్దు ఉంది, 11.6346. అది దాటి సంతోషిస్తే మళ్లీ చెడిపోతాడు. మూడు అనవచ్చు కదా అంటే, మూడు అనడానికి శాస్త్రం ఎందుకు, మా అమ్మమ్మ చాలదా?

దీనిని రౌండ్సులో అమలుపరచడానికి మా సర్జరీ ప్రొఫెసరుగారి సహకారం కోరాను. ఆయన పాతకాలపు మనిషి. కేస్ షీటులో పొటాషియం విలువ వేయడం మరిచిన పీజీని, వాడి తల్లిదండ్రులతో మొదలుపెట్టి వాడికి సీటిచ్చిన కౌన్సెలింగ్ దాకా వదలరు. కానీ న్యాయమంటే న్యాయమే. ఒక మంగళవారం ఆయన ఒక కుర్రాణ్ణి పదకొండు తిట్లు తిట్టారు. నేను పక్కన నిలబడి రిజిస్టరులో వేశాను. పదకొండును 2.9013తో గుణిస్తే 31.9143. ఒకరి దగ్గర బాకీ ఉంచుకునే మనిషి కాదాయన. వార్డు మధ్యలో నిలబడి "శభాష్" అని ముప్ఫై ఒక్కసార్లు అన్నారు. ముప్ఫై రెండోసారి "శభా" దగ్గర ఆపారు. ఏడో మంచం మీద హెర్నియా ఆపరేషన్ అయిన పెద్దాయన ఇదంతా చూసి, ఈ డాక్టరుగారికి ఒంట్లో బాగాలేనట్టుంది, నన్ను వేరే వార్డుకు మార్చండని సిస్టరును బతిమాలుకున్నాడు.

ఇంత శ్రమపడ్డాక తెలిసిందేమిటంటే, ఆ లెక్క తప్పట. నిక్ బ్రౌన్ అనే ఆయన, కంప్యూటర్ల ఉద్యోగం చేసుకునే మనిషి, వయసు యాభై దాటాక తూర్పు లండన్ విశ్వవిద్యాలయంలో ఈ సానుకూల మనస్తత్వశాస్త్రమే చదవడానికి చేరాడు. పాఠంలో 2.9013 చూసి ఆయనకు అనుమానం వచ్చింది. అలన్ సోకల్ అనే భౌతికశాస్త్రవేత్తనూ, హారిస్ ఫ్రీడ్‌మన్ అనే మనస్తత్వవేత్తనూ వెంటబెట్టుకుని విప్పి చూస్తే, లోపల ఉన్నవి వేడెక్కిన ద్రవాలు, గాలులు ఎలా సుడులు తిరుగుతాయో చెప్పడానికి 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ వాడిన సమీకరణాలు. మనుషుల భావాలకు వాటిని అంటగట్టడానికి ఆధారమేమీ లేదని 2013లో వీళ్లు రాశాక, ఆ గణితభాగాన్ని ఉపసంహరించుకున్నారు. ఎనిమిదేళ్లపాటు కాగే ఎసరుతో మనిషి సంతోషాన్ని కొలిచారన్నమాట. ఈ కబురు మోసుకెళ్లి మా ప్రొఫెసరుగారికి చెప్పాను. ఆయన ముఖంలో అంత ఆనందం నేనెన్నడూ చూడలేదు. మర్నాటి రౌండ్సు పాత పద్ధతిలో జరిగాయి.

కృతజ్ఞతాలేఖ అభ్యాసం కూడా పెట్టాను. మేలు చేసినవారికి ఉత్తరం రాసి, వారి దగ్గరకే వెళ్లి, ఎదుట నిలబడి చదివి వినిపించాలి. మా హౌస్ సర్జన్లకు మూడు నెలలుగా స్టైపెండ్ రాలేదు. రానప్పుడు కృతజ్ఞత ఇంకా గొప్పదని నేనే ప్రోత్సహించాను. అరవై మంది అరవై ఉత్తరాలు రాసుకుని, కార్యాలయం ముందు వరండాలో నిలబడి, ఒకేసారి గొంతెత్తి చదివారు. లోపలివాళ్లు దీనిని ధర్నాగా పొరబడి గేటు మూయించారు. పొరబడడానికి కారణం లేకపోలేదు. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల కోరికల్లో ఒకటి స్టైపెండ్ నెలనెలా సక్రమంగా పడే ఏర్పాటు చేయమని. నెల జీతం నెలకు రావాలని సమ్మె చేయవలసివచ్చిన మనిషిలో సానుకూలత ఎంత తరిగిపోయి ఉంటుందో ఊహించుకోండి.

పని గంటల విషయంలో మాత్రం దేశం ప్రగతి సాధించింది. రెసిడెంటు డాక్టర్లు సాధారణంగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించకుండా పనిచేయాలని 1992లో కేంద్ర ఆరోగ్య శాఖ రాసింది. 2023 నాటి పీజీ నిబంధనల్లో అంకె పోయి, 'సహేతుకమైన పని గంటలు' అన్న మాట మిగిలింది. ఏది సహేతుకమో ఎవరి హేతువుకు వారే. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన కార్యదళం 74 గంటలు మించవద్దని సిఫార్సు చేసింది. చదవగానే మా పీజీలు పండగ చేసుకున్నారు, వాళ్లు చేస్తున్నది అంతకంటే ఎక్కువ గనక. 32 ఏళ్లలో కోరదగిన పరిమితి 26 గంటలు పెరిగింది. ఇదే వేగంతో 2056కు వందకు, 2088కి 126కు, 2120కి 152కు చేరుతుంది. ఆ తరవాతి విడతకు 178 కావాలి, వారంలో 168 గంటలే ఉన్నాయి. అప్పటికి ఖగోళశాస్త్రవేత్తలు ఏదైనా చూస్తారని ఆశ.

అదే కార్యదళం 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులను అడిగితే 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందన్నారు. దీని మీద నా దగ్గర హాస్యం లేదు. వంద మంది తరగతిలో ఇరవై ఎనిమిది మంది. హాజరు పట్టీ పిలుస్తున్నప్పుడు నాకు ఆ అంకె గుర్తొస్తుంది. ఏ ఇరవై ఎనిమిది మందో తెలియదు, ఎందుకంటే వాళ్లు "ప్రెజెంట్ సార్" అనే అంటారు.

నిమగ్నత మీద పెద్దగా చెప్పేది లేదు. పనిలో లీనమైనవాడికి కాలం తెలియదు, ఆకలి తెలియదు అంటారు. ముప్ఫై గంటలు నిలబడ్డ మా కుర్రాడికి ఈ రెండూ తెలియవు, తన పేరు కూడా ఒక్కోసారి తెలియదు. పూర్తి మార్కులు వేశాను.

ఈ విద్య అంతా బూటకమని నేననను. 2005లో సెలిగ్‌మన్ బృందం చేసిన పరీక్షలో మూడు మంచి సంగతులు రాసినవాళ్లు ఆరు నెలలపాటు కాస్త తేలిగ్గా ఉన్నారని తేలింది. కాకపోతే వాళ్లు తమంతట తాముగా, తీరిక చేసుకుని, ఆయన వెబ్‌సైట్‌కు వెళ్లి చేరినవాళ్లు. మావాళ్లు నైట్ డ్యూటీ దిగి, వేలిముద్ర వేసి, మూడో వరసలో కూర్చుని, నోరు తెరిచి నిద్రపోతూ చేరినవాళ్లు. మందు ఒకటే, పథ్యం వేరు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'బర్నవుట్' అనేది జబ్బు కాదనీ, పనిచేసే చోట సర్దుబాటు కాని ఒత్తిడి వల్ల వచ్చేదనీ వివరించింది. పనిచేసే చోట అంటే పని సంగతి. మనిషి సంగతి అయితే నా ఆనందం ఫైలులో పెట్టేవాణ్ణి. ఎందులో పెట్టాలో తోచక, పేరులో కాలడం ఉంది కదా అని, మంటలార్పే సిలిండర్ల ఫైలులో పెట్టాను.

అసలు కథ ఆఖరి తరగతి రోజున జరిగింది. బయటి నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించారు. భోజనాల తరవాత, సెమినార్ హాలులో, తెర మీద కుక్కల బొమ్మలు వేశాడాయన. సెలిగ్‌మన్ సంతోషం దాకా రాకముందు, 1967లో స్టీవెన్ మేయర్‌తో కలిసి కుక్కల మీద చేసిన ప్రయోగం అది. ఎనిమిదేసి కుక్కలు మూడు గుంపులు. మొదటి గుంపును కట్టివేసి కరెంటు షాకు పెట్టారు, కానీ తలకు అటూ ఇటూ చెరో పలక ఉంచారు. తలతో నొక్కితే షాకు ఆగిపోతుంది. రెండో గుంపుకు అంతే షాకు, పలక నొక్కినా ఆగదు. మొదటి గుంపుకు ఎంతసేపో దీనికీ అంతసేపే. మూడో గుంపుకు ఏమీ లేదు. మర్నాడు అన్నింటినీ ఒక పెట్టెలో పెట్టారు. మధ్యలో చిన్న అడ్డుగోడ, దూకితే షాకు తప్పుతుంది. మొదటి, మూడో గుంపులవి దూకాయి. రెండో గుంపులో ఎనిమిదింట ఆరు దాదాపు ప్రతిసారీ షాకు భరిస్తూ ఉండిపోయాయి.

"దీనినే నేర్చుకున్న నిస్సహాయత అంటారు. మీరు ఆ కుక్కల్లా ఉండకూడదు. ఆశావాదం అలవరచుకోవాలి" అన్నాడు శిక్షకుడు.

క్షమాగుణం అమ్మాయి చెయ్యెత్తింది. ఆ చేతి మీద అయొడిన్ మరక ఇంకా ఆరలేదు.

"సార్, మొదటి గుంపు కుక్కలు బాగానే ఉన్నాయి కదా. వాటికి ఆశావాదం మీద ఎన్ని తరగతులు చెప్పారు?"

"వాటికి తరగతులు లేవమ్మా. పలక ఉంది కదా."

"మా పలక ఎక్కడ పెట్టారు సార్?"

శిక్షకుడు గడియారం చూసుకుని టీ విరామం ప్రకటించాడు. నేను ఇంటికి వెళ్లి మళ్లీ చదివాను. 2016లో మేయర్, సెలిగ్‌మన్ ఇద్దరూ మేము అప్పట్లో తిరగేసి అర్థం చేసుకున్నామని రాశారు. నిస్సహాయత నేర్చుకునేది కాదట. ఎడతెగని బాధలో ఏ ప్రాణైనా సహజంగానే చతికిలపడుతుంది. నేర్చుకునేది, నొక్కితే ఆగుతుందన్న సంగతిని. ఇది నేర్పాలంటే నొక్కినప్పుడు ఆగాలి మరి.

బాధ్యత గల నోడల్ అధికారిగా ఆ రాత్రే నోటు రాశాను. "క్యాజువాలిటీ ద్వారం వద్ద, తల ఎత్తున, నొక్కుటకు వీలైన పలక ఒకటి మంజూరు చేయగోరుతున్నాను" అని మొదటి పేజీ ముగిసింది. రెండో పేజీ "అనగా" అని మొదలవుతుంది: డ్యూటీ పట్టిక వేసేటప్పుడు పీజీల ప్రతినిధిని పక్కన కూర్చోబెట్టుకోవడం, ఇరవై నాలుగు గంటలు నిండినవారిని ఎవరినీ అడగకుండా ఇంటికి వెళ్లనివ్వడం, బల్బు లేదని రిజిస్టరులో రాస్తే మూడు రోజుల్లో బల్బు రావడం. ఫైలు ఆరు బల్లలు తిరిగింది. నాలుగో బల్ల దగ్గర ట్యాగు ఊడి రెండో పేజీ పోయింది. మొదటి పేజీ మంజూరైంది.

పలక వచ్చింది. నల్ల గ్రానైటు, మూడడుగుల వెడల్పు, బంగారు రంగు అక్షరాలు. 'చిరునవ్వే సగం చికిత్స' అని పైన, ఆవిష్కరించినవారి పేర్లు మధ్యన, అడుగున నా పేరు, ఆ తప్పు ఇంటిపేరుతోనే. నా నోటును అక్షరాలా పాటించి క్యాజువాలిటీ తలుపు పక్కన సరిగ్గా తల ఎత్తున బిగించారు.

నైట్ డ్యూటీ దిగే పిల్లలు వెళ్తూ వెళ్తూ దానికి నుదురు ఆన్చి ఒక్క క్షణం నొక్కడం మొదలుపెట్టారు. వేళాకోళానికే. కానీ బెంచీల మీద రాత్రంతా కూర్చునే రోగుల బంధువులకు ఆ వేళాకోళం ఏం తెలుసు? డాక్టర్లంతటివాళ్లు మొక్కుతున్నారంటే మహిమ ఉండే ఉంటుందనుకున్నారు. రెండో వారానికి బొట్లు పడ్డాయి. మూడో వారానికి అంచు మీద రూపాయి బిళ్లలు, ఒక బంతిపూల దండ. ఎవరిదో బిడ్డ ఐసీయూ నుంచి బయటపడిందని నిన్న కొబ్బరికాయ కొట్టారు. ఆ చిప్ప వ్యర్థాల నియమావళి ప్రకారం ఏ రంగు సంచిలో వేయాలో తేల్చమని ఫైలు నా దగ్గరికే వచ్చింది.

ఈ తెల్లవారుజామున సిలిండర్ల లెక్క చూడడానికి అటు వెళ్లాను. వరండాలో ఎవరూ మేలుకొని లేరు. అటూ ఇటూ చూసి నేను కూడా నుదురు ఆన్చాను. గ్రానైటు చల్లగా ఉంది, పసుపు వాసన వేస్తోంది. కాస్త గట్టిగానే నొక్కాను. లోపల నుంచి ఎవరో బ్యాటరీలు, బ్యాటరీలు అని కేకవేస్తున్నారు.